చక్రమును నేలకు కట్టిన విద్య

1904వ సంవత్సరము జూన్ 17వ తేదీన, జర్మనీ దేశపు టౌనస్ కొండలలో హోంబర్గ్ పట్టణ సమీపమున, కైజర్ విల్హెల్మ్ చక్రవర్తి స్వయముగా వీక్షించుచుండగా జరిగిన గార్డన్ బెన్నెట్ కప్పు పందెమున, గత సంవత్సరపు విజేతయగు జెనాట్జీ నడుపు మెర్సిడెస్ కారును వెనుకకు నెట్టి, ఫ్రెంచి సారథియగు లియోన్ తేరీ, రిషార్-బ్రాజియే అను కారుపై జయము గైకొనెను. ఆ దారి వంకరలతోడను మిట్టపల్లములతోడను నిండిన గ్రామసీమల రోడ్డే కాని నున్నని రంగస్థలము కాదు. అట్టి దారిపై ఒక్కొక్క ప్రదక్షిణమునకు తేరీకి పట్టిన కాలము ఇంచుమించు సమానముగా నుండుటచే ఆతనికి 'గడియారము' అను ముద్దుపేరు స్థిరపడినది. మఱుసటి సంవత్సరము ఓవెర్న్యు కొండదారులలో జరిగిన పందెమునను ఆ సారథియే, ఆ కర్మాగారపు కారుపైననే, తిరిగి గెలుపొందెను.

ఆ విజయమునకు యంత్రబలమొక్కటియే కారణము కాదని నాటివారు గ్రహించిరి. బ్రాజియే కారు చట్రమునకును ఇరుసులకును నడుమ ట్రుఫో అను ఫ్రెంచి యంత్రశిల్పి కల్పించిన చిన్న సాధనములు బిగింపబడియుండెను. కత్తెర కాళ్లవలె చేరియు విడియు రెండు ఉక్కు చేతులు, ఆ చేతులు కలియు కీలున తోలుబిళ్లలతో కూర్చిన పలకలు, వానిని అదిమిపట్టు ఒక నట్టు, ఇంతమాత్రమే ఆ నిర్మాణము. చక్రము మిట్టనెక్కి పల్లమున దిగినపుడెల్ల ఆ పలకలు ఒకదానిపై నొకటి ఒరసికొని, స్ప్రింగు దాచుకొన్న శక్తిని వేడిమిగా మార్చి గాలిలో విడిచిపెట్టును. తత్ఫలితముగా, ఇతరుల కార్లు గతుకు గతుకునకును గాలిలోనికెగసి సారథి చేతిమాట వినకుండగా, తేరీ కారు చక్రములు నేలను విడువక పరుగెత్తెను. వేగముగా పోగోరువాడు తన కారు షాక్ అబ్జార్బర్లను మార్చి మేలైనవానిని వేసికొనుట నేడొక వేడుకగాను వ్యాపారముగాను పెరిగియున్నది. దాని వంశవృక్షమును వెదకుచు పోయినచో తుదకు మనము చేరునది ఆ తోలుబిళ్లల యొద్దకే.

అంతకు పూర్వము బండ్లకు స్ప్రింగులు లేకపోలేదు. 1804లో ఒబడయా ఇలియట్ అను ఆంగ్లేయుడు, వంచిన ఉక్కు పట్టీలను కట్టగా పేర్చి, అట్టి రెండు కట్టలను ఒకటి బోర్లించి యొకటి వెల్లకిలవేసి కలిపిన అండాకారపు కమానునకు హక్కుపత్రమును పొందెను. దానితో గుఱ్ఱపుబండ్ల రూపమే మారిపోయినది. మన పట్టణములలో నిన్నమొన్నటి వరకు తిరిగిన జట్కాబండి క్రింద నుండిన కమాను కట్టలు ఆ వంశములోనివే. ఈ కట్టలలో ఒక గూఢమైన సుగుణము కలదు. పట్టీలు వంగునపుడు ఒకదానిపై నొకటి జారుచు ఒరసికొనును గనుక, స్ప్రింగు పనియు, దాని ఊపును తగ్గించు పనియు కొంతమేర ఒక్క వస్తువే నిర్వహించును. గుఱ్ఱము నడకకు ఆ కొంత చాలెను. పట్టీల నడుమ నూనె యున్నదా, తుప్పున్నదా, బురద యున్నదా అనుదానిని బట్టి ఆ ఒరిపిడి దినదినమును మారుచుండినను, అంత మెల్లని నడకలో ఆ భేదమును పట్టించుకొన్నవారు తక్కువ. ఇంజను వచ్చి గుఱ్ఱముకన్న అనేక రెట్లు వేగమును కల్పించిన పిమ్మటగాని ఆ కొఱత బయటపడలేదు.

ఆ కొఱత యెట్టిదో ఇచ్చట కొంత విస్తరించి చెప్పవలెను. ఒకసారి ఊపి విడిచిన ఉయ్యాల తనంతట తాను నిలువక చాలసేపు ఊగినట్లే, ఒక్క గతుకును దాటిన కారు స్ప్రింగులపై పలుమార్లు లేచి పడుచుండును. స్ప్రింగు శక్తిని పుచ్చుకొనునే కాని హరింపజాలదు. పుచ్చుకొన్నదానినంతయు తిరిగి యిచ్చివేయును. సామాన్యమైన కారు దేహము ఈ విధముగా క్షణమునకు ఒకటి మొదలు ఒకటిన్నర సార్లు ఊగును. పందెపుకారైనచో రెండుసార్లు, అంతకు మించియు. దేహము మాట యట్లుండగా, స్ప్రింగునకు దిగువనున్న చక్రము, ఇరుసు, బ్రేకు మొదలగు భాగములకు వేఱొక కంపము కలదు. అది క్షణమునకు 10 నుండి 15 సార్లు సాగెడి చుఱుకైన గంతు. దేహపు ఊపు ప్రయాణికునికి వికారమును కలిగించును, చక్రపు గంతు వానిని చావునకు దగ్గఱ చేర్చును; ఏలయన నేలను తాకని చక్రము మలుపు తిరుగనేరదు, బ్రేకునకు లోబడనేరదు. స్ప్రింగు బరువును మోయునది, షాక్ అబ్జార్బరు ఊపును హరించునది. ఈ రెండు ధర్మములను వేఱువేఱుగా గుర్తించి, రెండవదానికై ప్రత్యేకమైన అంగమును కల్పించుటయే ట్రుఫో చేసిన మహోపకారము.

ఆ కల్పనను ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అను అమెరికా దేశీయుడు తన దేశమునకు కొనిపోయి విస్తారముగా తయారుచేయించెను. క్రమముగా కల్పించినవాని పేరు మఱుగున పడి, అమ్మినవాని పేరే ఆ వస్తువునకు నిలిచిపోయినది. 1920 ప్రాంతపు బుగాట్టి, బెంట్లీ వంటి క్రీడావాహనములను నేటికిని భద్రపఱచుకొన్న వారి యిండ్లలో, ముందు ఇరుసు పైభాగమున గుండ్రని బిళ్లలుగా కనబడునవి ఈ జాతివే. వాని నడిమి నట్టును బిగించినచో పట్టు హెచ్చును, సడలించినచో తగ్గును. పందెమునకు ముందు సారథి తానే వంగి ఆ నట్టును తన మనసునకు వచ్చినంత బిగించుకొనెడివాడు. లండనులో ఆండ్రే కంపెనీవారు మఱికొంత ముందునకు పోయి, 'టెలికంట్రోలు' అను పేర, పరుగెత్తుచున్న కారులో కూర్చుండియే ఎదుటి పలకపైనున్న మరను త్రిప్పి ఆ బిగువును మార్చుకొను ఉపాయమును అమ్మకమునకు పెట్టిరి. నేటి ఖరీదైన కార్లలో మీట నొక్కగనే 'కంఫర్టు' నుండి 'స్పోర్టు'నకు మారు ఏర్పాటును చూచి అబ్బురపడువారు, ఆ కోరిక తొంబది ఏండ్ల ప్రాతదని యెఱిగినచో మఱింత అబ్బురపడుదురు.

కాని ఘర్షణ యంత్రమునకు స్వభావసిద్ధమైన దోషమొకటి కలదు. నిలిచియున్న పలకలను కదల్చుటకు కావలసిన బలము, కదలుచున్నవానిని కదల్చుటకు కావలసినదానికన్న అధికము. కావున చిన్న గతుకునకు అది బిగుసుకొని ఊరకుండి దెబ్బనంతయు కూర్చున్నవాని వెన్నునకు పంపును. నిజముగా అవసరమైన పెద్ద గతుకునకు పట్టు సడలి దారి విడుచును. కోరదగిన గుణము సరిగా దీనికి విపరీతము. ఆ గుణము ద్రవములలో కలదు. సన్నని రంధ్రము గుండ నూనెను మెల్లగా త్రోసినచో అది సులువుగా పోవును. వేగముగా త్రోసినకొలది అంతకంతకు ఎదిరించును. ఈ ధర్మమును బండికి ఉపయోగించినవారిలో మోరిస్ ఉడాయ్ అను ఫ్రెంచివాడు ముఖ్యుడు. గుండ్రని పెట్టెలో నూనె నింపి, అందు రెక్కలు తిరుగునట్లు అమర్చి, ఆ రెక్కల ఇరుసునకు వెలుపల ఒక చేతిని తగిలించినది ఆతని నిర్మాణము. అమెరికాలో బఫెలో నగరమున దానిని తయారుచేసిరి. 1927 డిసెంబరులో ఫోర్డు కంపెనీ తన ప్రసిద్ధమైన 'మోడల్ టి'ని విడిచి 'మోడల్ ఎ'ను వెలువరించినపుడు, అంత చవుకైన బండికిని నాలుగు చక్రములకు నాలుగు ఉడాయ్ యంత్రములను అమర్చుటతో, పందెగాండ్ర భాగ్యముగానుండిన సాధనము సామాన్య గృహస్థుని సొత్తైనది.

చేయిగల ఈ జాతి షాకులు ఇంగ్లండులో బహుకాలము జీవించెను. ఎం.జి. కంపెనీవారి 'ఎం.జి.బి.' అను చిన్న క్రీడావాహనము 1962 నుండి 1980 వరకు ఆబింగ్డన్‌లో తయారైనది. ముందు చక్రములకు దానియందుండినది చేతి షాకే. పైగా ఆ చేయియే చక్రమును పైవైపున పట్టియుంచు ఎముకగా కూడ పనిచేసెను. నూనె కారి షాకు సడలినచో చక్రపు నిలుపే సడలును. ఆ కార్లను ప్రేమించువారు వెనుక షాకులను గొట్టపు షాకులుగా మార్చుకొనుటయు, ముందరవానిని తీసివేయ వీలులేక వాని వాల్వులను బిగువైనవానిగా మార్చించుకొనుటయు నేటికిని సాగుచున్నవి. ఈ వింతను ఇచ్చట ప్రస్తావించుటకు కారణము కలదు: బయట తగిలించిన ఆభరణముగానుండిన షాకు, బండి దేహమున ఒక అవయవముగా మారుటకు ఇది చిన్న సూచన. ఆ మార్పే ఈ చరిత్రమునకు నడిమి ఘట్టము.

గొట్టపు షాకు కథ క్లుప్తమైనది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మన్రో అను ఊరిలో 1916లో టైర్లకు గాలికొట్టు పంపులు చేయుటకు వెలసిన చిన్న కార్ఖానా, 1926లో షాక్ అబ్జార్బర్ల పని చేపట్టి, తరువాతి దశకమున ఒకదానిలోనొకటి జొనుపుకొనిపోవు గొట్టముల షాకును వ్యాప్తికి తెచ్చినవారిలో ఒకటైనది. పంపు చేయువాడు షాకు చేయుట విడ్డూరము కాదు. రెండింటను ఉన్నది గొట్టము, దండము, పిస్టను, వాల్వు. చేతి షాకులో చిన్న కదలికకు మిక్కిలి బలము పుట్టవలెను గనుక లోపల ఒత్తిడి హెచ్చి కీళ్లు త్వరగా అరుగును. గొట్టపు షాకు చక్రముతో సమానముగా కదలును గనుక దానికి ఆ బాధ తక్కువ. రెండవ ప్రపంచయుద్ధములో జీపులు కమాను కట్టలతోపాటు ఇట్టి షాకులతోనే అడవులను ఎడారులను త్రొక్కెను. యుద్ధానంతరము మిగులు సరకుగా అమ్ముడుపోయిన ఆ జీపుల మూలమున మన దేశపు మెకానిక్కులనేకులకు గొట్టపు షాకుతో తొలి పరిచయము కలిగియుండవచ్చును.

అవయవముగా మారిన షాకునకు తొలి మహాదృష్టాంతము ఇటలీలో దొరకును. విన్సెంజో లాంచియా స్వయముగా పందెగాడు. 1922లో ఆతడు లోకమునకు చూపిన 'లాంబ్డా' అను కారులో ముందు ఇరుసే లేదు. రెండు ప్రక్కల రెండు నిలువు గొట్టములు, ఒక్కొక్క గొట్టమున చుట్టు స్ప్రింగును, నూనె షాకును రెండును ఇమిడియుండగా, చక్రము ఆ గొట్టము వెంబడి క్రిందికి మీదికి జారుచుండెను. బరువు మోయుట, ఊపు నణచుట, చక్రమునకు దారి చూపుట, మలుపు త్రిప్పుట, ఈ నాలుగు పనులును ఒక్క నిలువు స్తంభమున చేరినవి. ఆ కారును అంత సొగసుగా కల్పించినవాని ప్రతిభకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని అంతటి నిశితమైన పనితనము లక్షలకొలది కార్లలో సాగునది కాదు.

లక్షలకు సాగునట్లు చేసినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్. 1891లో ఇలినాయి రాష్ట్రమున జన్మించిన ఈ ఇంజనీరు, యుద్ధము ముగియుచుండగా జనరల్ మోటార్స్‌లో 'షెవర్లే కాడెట్' అను తేలికైన కారును రూపొందించు బాధ్యతను వహించెను. వేయి డాలర్లకు లోపలి ధరకు అమ్మవలెనను నియమము తల మీద వ్రేలాడుచుండెను. అంత చవుకబండికి నాలుగు చక్రములను స్వతంత్రముగా తేలియాడించుట ఎట్లు? ఆతడు గొట్టపు షాకును లావుచేసి నిలువుగా నిలిపి, దాని కొనను దేహపు ఉక్కురేకుననే బిగించి, దాని చుట్టును స్ప్రింగును తొడిగి, అడుగున ఒక్క చేతితో చక్రమును పట్టియుంచెను. పైచేయి అనవసరమైపోయినది. భాగములు తగ్గెను, ఖర్చు తగ్గెను, ఇంజనుకు ఇరుప్రక్కల చోటు మిగిలెను. 1947లో కంపెనీవారు ఆ కారు ప్రయత్నమునే విరమించుకొనగా, మెక్‌ఫర్సన్ ఫోర్డునకు వలసపోయెను. ఆతని నిర్మాణము తొలిసారి జనులకు అమ్ముడుపోయినది ఇంగ్లండులో ఫోర్డువారి 'కాన్సల్', 'జెఫిర్' కార్లపై. మెక్‌ఫర్సన్ ఫోర్డు కంపెనీ ప్రధాన ఇంజనీరై, 1958లో పని విరమించి, 1960లో మరణించెను. నేడు లోకమున తిరుగుచున్న చిన్నకార్లలో అధికభాగము ఆతని పేరుగల స్తంభములపైననే నిలిచియున్నవి.

ఈ స్తంభమునే మన మెకానిక్కులు 'స్ట్రట్టు' అందురు. షాకునకును స్ట్రట్టునకును గల భేదమును తెలియక డబ్బు పోగొట్టుకొనువారు నేటికిని కలరు. మామూలు షాకును విప్పివేసినను కారు తన కాళ్లపై నిలుచును, కదిపినచో ఊగునంతే. స్ట్రట్టును విప్పినచో చక్రమే ఒరిగిపోవును. మలుపులో కారు బరువు ప్రక్కకు త్రోసినపుడు ఆ త్రోపునంతయు భరించునది నడిమి దండము. పక్కనుండి వంచు బలము తగులుచుండగా గొట్టములో జారవలసిన దండమునకు లోపల ఒరిపిడి పుట్టును. చిన్న గతుకులపై కొన్ని కార్లు మొండిగా పోవుటకు అదియొక కారణము. స్ప్రింగును దండముతో ఏకరేఖపై పెట్టక కొంచెము వాల్చి అమర్చుట ఆ వంపు బలమునకు విరుగుడుగా కనిపెట్టిన ఉపాయమే. తోలుబిళ్లల కాలమున నట్టు బిగించుట ఒక్క పట్టును మార్చుటయే; స్ట్రట్టు కాలమున ఒక్క భాగమును మార్చినవాడు చక్రపు నిలుపును, మలుపును, ఎత్తును అన్నిటిని ముట్టుకొన్నవాడగును. క్రీడావాహన ప్రియుల చేతిపని ఒక శాస్త్రముగా పెరిగినది ఈ కారణము చేతనే.

ఆ శాస్త్రమునకు సాధనములను సమకూర్చినవారిలో రెండు యూరపు కర్మాగారముల చరిత్రము నాకు మిక్కిలి ప్రీతికరము. హాలండులో 1857లో డి కోనింగ్ అను నాతడు గుఱ్ఱపుసజ్జు సామగ్రిని చేయుటకు పెట్టిన దుకాణము, గుఱ్ఱములు తగ్గి మోటార్లు పెరిగినకొలది దారి మార్చుకొని, 1932లో షాక్ అబ్జార్బర్ల తయారీకి దిగెను. అదియే నేటి 'కోని'. వారి విశేషము అరుగుదలను ముందే తలపోయుట. షాకును బండి నుండి విప్పి, దండమును అడుగంట నొక్కి, లోపలి మర పట్టుకొన్న పిమ్మట మెల్లగా త్రిప్పినచో, దండము పైకి సాగునప్పటి పట్టు హెచ్చును. ఏండ్లు గడచి పట్టు సడలినపుడు మఱికొంత త్రిప్పి దానికి మరల యౌవనము నీయవచ్చును. తరువాత వచ్చిన క్రీడాజాతివానిలో ఆ మర దండపు కొననే యుండుటచే, బానెట్ తెఱచి చేతితో త్రిప్పుకొను సదుపాయము కలిగినది. కోనివారు ఆ మరతో సవరింపనిచ్చినది సాగుదలనే, కుంగుదలను కాదు. ఇది లోభము కాదు, విజ్ఞత. స్ప్రింగు దాచుకొన్న శక్తి విడుదలయగునది సాగుదలలోనే గనుక కళ్లెము అచ్చటనే వేయవలెను. కుంగుదలను బిగించినచో గతుకు దెబ్బ తిన్నగా దేహమునకు ఎక్కును.

రెండవది జర్మనీలోని 'బిల్‌స్టైన్'. 1873లో ఆగస్ట్ బిల్‌స్టైన్ కిటికీల ఇనుపసామగ్రి చేయుటకు స్థాపించిన సంస్థ అది. దాని కీర్తికి మూలము మఱొక ఫ్రెంచివాని మేధ. నూనె షాకునకు గల వ్యాధి నురుగు. రెండు గొట్టముల షాకులో నూనెతో గాలి కలసియుండును. ఎడతెగని గతుకులపై దండము క్షణమునకు పలుమార్లు ఆడగా నూనె కాగి నురుగెత్తును. నురుగు ఎంతటి రంధ్రము గుండనైనను సులువుగా జారును. అంతటితో షాకు ఉండియు లేనిదగును. క్రిస్టియన్ బూర్సియే డి కార్బన్ అను శాస్త్రవేత్త దీనికి కనిపెట్టిన ఔషధము సరళమైనది. ఒక్కటే గొట్టము, అందొక ప్రక్క నూనె, మఱొక ప్రక్క 20 వాతావరణ పీడనములకు మించి కుక్కిన నైట్రోజను, రెంటి నడుమ తేలియాడు బిళ్ల. నిరంతరమైన ఆ ఒత్తిడిలో నూనెకు నురుగెత్తుటకు ఎడము చిక్కదు. గొట్టము తిన్నగా గాలికి తగులుచుండుటచే వేడియు త్వరగా తగ్గును. 1954లో బిల్‌స్టైన్‌వారు ఆ విద్యను చేపట్టి, 1957లో మెర్సిడెస్-బెంజ్ కార్లకు అమర్చిరి. స్ట్రట్టు విషయమున వారు మఱొక తెలివి చూపిరి. షాకును తలక్రిందులుగా నిలిపి, సన్నని దండమునకు మారుగా లావైన గొట్టమే జారునట్లు చేయగా, పక్కబలమునకు వంగు భయము తగ్గిపోయెను. రాళ్లురప్పల ర్యాలీలలో ఆ బలము సార్థకమైనది.

క్రీడావాహనములు స్ట్రట్టును ఆదరించిన తీరు ఆశ్చర్యము గొల్పును. చవుకతనమునకు పుట్టిన నిర్మాణమును కులీనులు చేపట్టిరి. లోటస్ సంస్థాపకుడగు కాలిన్ చాప్‌మన్ 1957లోనే దానిని వెనుక చక్రములకు మలచి తన పందెపుకారునకు పెట్టెను. 1964లో వెలువడిన పోర్షె 911 ముందు కాళ్లు ఆ జాతివే. చుట్టు స్ప్రింగునకు బదులు మెలిదండము మాత్రము దాని ప్రత్యేకత. 1969లో జపాను నుండి వచ్చిన 'డాట్సన్ 240 జెడ్' నాలుగు మూలలను స్ట్రట్టులతోనే నిలిపి, సామాన్యుని సంపాదనకు అందు ధరకు నిజమైన క్రీడావాహనమును అమ్మెను. 1976 నాటి ఫోక్స్‌వాగన్ 'గోల్ఫ్ జి.టి.ఐ.' ముందు భాగమును స్ట్రట్టులదే. ఈ కార్లలో పెక్కింటికి స్ట్రట్టు బుడ్డి నుంచి ప్రాత షాకును వెలికితీసి, ఆ చోటనే కోని, బిల్‌స్టైన్ వంటివారి 'ఇన్సర్టు'ను దించి మూత బిగించుటతో పని ముగిసెడిది. ఇంటి ఆవరణలో ఆదివారమునాడు స్వయముగా చేసికొనదగిన ఈ పనియే ఒక తరము యువకులకు యంత్రవిద్యలో అక్షరాభ్యాసమైనది.

ఇచ్చటనే ఒక దురభిప్రాయమును ఎదుర్కొనవలసియున్నది. గట్టిగానున్నదే క్రీడకు తగినదను నమ్మకము నాటికిని నేటికిని ప్రబలియున్నది. స్ప్రింగును ఊగించి విడిచినపుడు ఒక్క ఊగునకే, మఱి దాటక, ఎంత పట్టుతో నిలుచునో ఆ పట్టును పూర్ణమానముగా లెక్కించినచో, సుఖమునకై చేసిన కార్లలో పట్టు అందు నాలుగవ వంతు ప్రాంతముననే యుండును. పందెపుకార్లలో సగమును మించును. పూర్ణమానమును దాటినచో చక్రము పల్లములోనికి సకాలమున దిగజాలదు; నేలను విడిచి గాలిలో వ్రేలాడును; తేరీకి జయము తెచ్చిన గుణమే నశించును. స్ప్రింగునకు తగినంత పట్టు కావలెను. పట్టునకు తగిన స్ప్రింగు కావలెను. ఎత్తు తగ్గించుట మఱొక వ్యామోహము. కారు క్రుంగినకొలది బరువుకేంద్రము దిగివచ్చుట నిజమే. అయితే స్ట్రట్టు కారులో అడుగుచేయి తొలుత చక్రము వైపు కొంచెము వాలియుండును. మితిమీరి క్రుంగించినచో ఆ చేయి చక్రము వైపు పైకి లేచును. అంతట దేహము ఏ బిందువు చుట్టు ఒరుగునో ఆ బిందువు బరువుకేంద్రము కన్నను త్వరగా నేలలోనికి దిగిపోవును. మలుపులో చక్రము లోపలికి వాలవలసిన సమయమున వెలికి వాలును. కారు చూపులకు పులివలె నుండును, మలుపులో మునుపటికన్న అధికముగా ఒరుగును. స్ప్రింగు చుట్లను గ్యాసు మంటతో కోసి క్రుంగించువారి సంగతి చెప్పనక్కఱలేదు. కోసిన స్ప్రింగు కుదురుగా కూర్చుండదు, గంతున తన గూటి నుండి జారును.

మన దేశమున ఈ విద్యకు తొలి పాఠశాల, నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు పోవు రాజమార్గము ప్రక్కన, యుద్ధకాలపు విమానముల బాటయైన షోలవరము. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అచ్చట నెరపిన పందెములలో ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు బారులుతీరెను. వీనిలో చెన్నపట్టణమున తయారైన స్టాండర్డ్ హెరాల్డునకు ముందు షాకు చుట్టునే స్ప్రింగు తొడిగియుండుట వలన, మార్పులు చేయు చేతులకు అది కొంత అనుకూలముగా నుండెను. విదేశపు సరకు దుర్లభమైన ఆ దినములలో పందెగాండ్రు తమ మెకానిక్కుల చేతిచలువ పైననే ఆధారపడిరి. చిక్కనైన నూనె పోయుట, వాల్వు రంధ్రమును సన్నగిలజేయుట, కమాను కట్టలో ఒక పట్టీని హెచ్చించుట వారికి తెలిసిన ఉపాయములు. 1961లో బొంబాయి ములుండ్‌లో గాబ్రియేల్ ఇండియా సంస్థ నెలకొని షాక్ అబ్జార్బర్లను ఇచ్చటనే తయారుచేయసాగెను. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడుటతో, మెక్‌ఫర్సన్ స్తంభము మన ఊరూరి వీధులకు చేరినది. తరువాత వచ్చిన మారుతి ఎస్టీము నాలుగు చక్రములను స్ట్రట్టులపై నిలుపుకొని, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో వెలసిన క్రొత్త పందెపుబాటపై యువకులకు చిరకాలము నేస్తమైనది.

నేడు హైదరాబాదులోనో విజయవాడ ఆటోనగరులోనో నిపుణుడైన మెకానిక్కు స్ట్రట్టును మార్చు పనిని చేయుచుండగా దగ్గఱ నిలిచి చూచినచో ఎనుబది ఏండ్ల విద్య ఒక్క గంటలో కన్నులకు కట్టును. మొదట ఆతడు స్ట్రట్టు అడుగున రెండు బోల్టులు ఏ స్థానమున నున్నవో సుద్దతో గీత గీయును. బ్రేకు గొట్టమును క్లిప్పు నుండి తప్పించి ప్రక్కకు కట్టును. అది బరువున వ్రేలాడినచో చిరుగును. బానెట్ క్రింది మూడు నట్లను వదలించి స్తంభమును సాంతము వెలుపలికి తీసి, స్ప్రింగునకు ఇరువైపుల కంప్రెసరు కొక్కెములను ఎదురెదురుగా తగిలించి, ఒకవైపు రెండు చుట్లు, మఱొకవైపు రెండు చుట్లు, తొందరపడక బిగించుచు పోవును. నొక్కబడిన ఆ స్ప్రింగున మనుష్యుని ప్రాణము తీయగల బలము నిద్రించుచుండును. కావున నడిమి నట్టును విప్పునపుడు ఆతడు తన మొగమును దండమునకు ఎదురుగా పెట్టడు. పైనున్న మౌంటింగు రబ్బరును, బేరింగును చేతితో త్రిప్పి చూచి, గరగరలాడినచో క్రొత్తది తెమ్మనును. ప్రాత షాకును నిలువున పట్టి దండమును నొక్కి విడుచును. గ్యాసు నింపిన షాకైయుండియు లేవక అట్లే యున్నచో, లేక నడుమ ఒకచోట పట్టుదప్పి జారినచో, యజమానికి చేతికిచ్చి తానే నొక్కి చూడుమనును.

మన దారుల పరిస్థితిలో తెలివిగల పనివాడు ఎత్తును మిక్కిలి తగ్గింప నిచ్చగింపడు. స్పీడుబ్రేకర్ల మీద అడుగుభాగము రాచుకొనుట ఒక హాని. కదలికకు చోటు చాలక దండము తన హద్దుగానుండు బంపుస్టాపుపై నిరంతరము గ్రుద్దుకొనుట అంతకన్న పెద్ద హాని. స్ప్రింగులను కంపెనీవానినే యుంచి, షాకులను మాత్రము మేలైనవానిగా మార్చుమని ఆతడిచ్చు సలహా తఱచుగా మన్ననకు అర్హమైనది. క్రొత్త స్తంభములు ఎక్కిన పిమ్మట కారును జాకీలపై నుండి నేలకు దించి, నాలుగడుగులు ముందునకు వెనుకకు దొర్లించి, బరువు చక్రములపై కుదురుకొన్న తరువాతనే అడుగుచేతుల బుష్షు బోల్టులను కడపటి బిగువునకు తెచ్చును. గాలిలో వ్రేలాడుచుండగా బిగించినచో ఆ రబ్బరు నిత్యము మెలివడి కొన్ని నెలలలోనే చిరుగును. అటుపిమ్మట కారు అలైన్‌మెంటు గుంటకు పోవును. అచ్చట సుద్దగీతతో సరిపెట్టుకొనక, చక్రపు నిలువు వాలగు కాంబరును, ముందువైపు మొగ్గగు టోను కొలిచి, రెండు వైపులను సమానమునకు తెచ్చి, స్టీరింగు చక్రము తిన్నగా నిలిచినదో లేదో ఆతడు తానే కూర్చుండి నడిపి చూచును.